కుడిపక్క కుర్చీలు

"ఎవరో ఒకరు చెప్పారు. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? నాకా మనిషెవరో తెలియాలి," అంటూ అన్నయ్య ఉత్తరం మీద అరచేత్తో చరిచాడు.

ఉత్తరం కదల్లేదు గాని పక్కనున్న టీ గ్లాసు ఎగిరింది. అమ్మ అది కిందపడకముందే అందుకుంది. ఆ ఇంట్లో అందరికీ పట్టుకోవడం బాగా వచ్చు.

"నెమ్మదిగా మాట్లాడరా. గోడలకు చెవులుంటాయి," అంది అమ్మ. మాట జారాక నాలుక కరుచుకుంది.

అమ్మ, అన్నయ్య, పెట్టె ముందు కూర్చున్న పిచ్చుక, ముగ్గురూ వెనకగది తలుపు వైపు చూశారు. అది పొద్దున ఎనిమిదింటికి మూసుకున్న తలుపు. అవతల బంతి గోడకు తగిలి, గ్లౌజులోకి వచ్చి పడుతోంది. ఠప్. ఠప్. పదకొండేళ్లుగా దేశానికి వికెట్ కీపింగ్ చేసిన మనిషి బంతి పడుతుంటే గడియారం కొట్టుకున్నట్టు ఉంటుంది. కాస్సేపు విన్నాక ఎవరికైనా కళ్లు బరువెక్కుతాయి.

గదిలోని వదిన చేతులకు ఇవాళ ఉన్న గ్లౌజులు మాత్రం ఆమెవి కావు. పిచ్చుకవి.

నిన్న ఒకే ముద్ర ఉన్న రెండు కవర్లు వచ్చాయి. ఒకటి పిచ్చుకకు, వచ్చే పర్యటనకు జట్టు కీపరుగా ఎంపిక చేశామని. రెండోది వదినకు. ఎడమ చెవి వినికిడి పరీక్ష పూర్తయ్యేదాకా విశ్రాంతి తీసుకోమని. ఒకే పోస్ట్‌మాన్, ఒకే సంతకం, ఒకే గుమ్మం. మధ్యాహ్నం మూడింటికి వ్యాను వస్తుంది. ఇప్పుడు రెండున్నర.

పొట్టిగా ఉండి, వికెట్ల వెనక ఒక్కచోట నిలవకుండా గెంతుతుందని ఆడపడుచుకు వదిన పెట్టిన పేరు పిచ్చుక. ఇప్పుడు పేపర్లవాళ్లు కూడా పిచ్చుక అనే రాస్తున్నారు.

"ఆ ఫిజియోదే ఈ పని," అన్నాడు అన్నయ్య. బస్సు నడిపే మనిషి గనుక ఇంట్లో మాట్లాడినా హారన్ కొట్టినట్టే ఉంటుంది. "చెయ్యి నొప్పికి మందు రాయమంటే మనిషి మొత్తాన్ని రాసి పంపాడు."

"ఫిజియోకు చెవితో పనేంట్రా? మోకాళ్ల వరకే చూస్తాడు," అంది అమ్మ. ఆమె చేతిలో తోలు కుట్టే సూది ఉంది. కొత్త గ్లౌజుల్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే వలకు పొద్దున్నే గట్టి కుట్టు వేసింది. ఇప్పుడు కుట్టడానికేమీ లేకపోయినా సూదిని వదలడం లేదు.

"అయితే తన పక్కన ఫస్ట్ స్లిప్‌లో నిలబడే పిల్ల. ఫైనల్ నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవుగా!"

"ఏమో నాయనా. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషెవరో..."

పిచ్చుక పెట్టె సర్దుకుంటున్నట్టు వంగి, మడతపెట్టిన చొక్కానే మళ్లీ మడతపెట్టింది. చెవులు వేడెక్కాయి.

"నువ్వేమంటావు?" అన్నాడు అన్నయ్య ఆమె వైపు తిరిగి. "నువ్వు జట్టుతోనే తిరిగావుగా ఏడాదంతా. ఎవరై ఉంటారు?"

"నాకు... రిజర్వులో కూర్చుని మంచినీళ్లు అందించడమేగా నా పని," అంది పిచ్చుక. "నేనెవరి మాటలు వింటాను!"

నీళ్లు అందించిన అమ్మాయి ఆ పూట నీళ్లు నమిలింది. అన్నయ్య గమనించలేదు. అమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

*

ఫైనల్ రోజు జరిగింది ఇదీ.

ఎడమచేతి వాటం బ్యాటరు పద్నాలుగు పరుగుల మీద ఉంది. ఎడమచేతి బ్యాటరు ఆడేటప్పుడు స్లిప్ ఫీల్డరు కీపరుకు ఎడమవైపు నిలబడుతుంది. బంతి అంచును గీరుకుంటూ వచ్చి వదిన చేతుల్లో పడింది. చప్పుడు చాలా చిన్నది. స్లిప్‌లోని అమ్మాయి విని, "తగిలిందా?" అని అరిచింది. వదిన తల కూడా తిప్పలేదు. బంతిని మామూలుగా బౌలరుకు విసిరేసింది. అప్పీలు లేదు, అవుటూ లేదు. ఆ బ్యాటరు నూట పన్నెండు కొట్టింది. జట్టు తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయింది.

సాయంత్రం నడవలో కోచ్ మేడమ్ హెల్మెట్లు లెక్కపెడుతూ తనలో తాను అనుకున్నట్టు అంది. "పక్కమనిషి అడిగితే జవాబివ్వనంత పొగరా? అంత పెద్దదైపోయిందా?"

పొగరు! వదినకు! పిచ్చుక చేతిలో ఉన్న నీళ్లసీసాలు కింద పెట్టేసింది.

"పొగరు కాదు మేడమ్. అటువైపు నుంచి పిలిస్తే వదినకు వినిపించదు. ఇంట్లో మేమందరం కుడివైపు నుంచే పిలుస్తాం."

ముద్దుపేరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. ఎవరు కాఫీలో చక్కెర వేసుకోరో, ఎవరికి మెత్తటి దిండు కావాలో చెప్పినట్టు. ఎదుటిమనిషి చేతిలో హెల్మెట్ కదలకుండా ఉండిపోయాక గాని తానేం చెప్పిందో ఆమెకు అర్థం కాలేదు.

*

చిన్నప్పటి నుంచీ పిచ్చుకకు మెలకువలోనే వచ్చే కల ఒకటుంది. బస్సు కిటికీ పక్కన కూర్చున్నా, గిన్నె తోముతున్నా వస్తుంది. పచ్చటి మైదానం. తాను గ్లౌజులు తొడుక్కుని బౌండరీ తాడు దాటి లోపలికి నడుస్తుంటుంది. వేలమంది ఉన్నా చప్పుడుండదు, నీళ్లకింద నడిచినట్టు. గడ్డి పాదాల కింద మెల్లగా నలుగుతుంది. తాడు దగ్గర వదిన నిలబడి, గడ్డం కొద్దిగా పైకెత్తి, "ఊ, పద" అంటుంది.

నిన్న ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ కల మూడుసార్లు వచ్చింది. మైదానం ఉంది, గడ్డి ఉంది. తాడు దగ్గర మాత్రం ఎవరూ లేరు.

ఠప్. ఠప్.

పిచ్చుక లేచి వెనకగది తలుపు తోసింది.

ఎత్తున ఉన్న చిన్న కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది. దుమ్ము ఆ వెలుగులో నింపాదిగా తిరుగుతోంది. వదిన గోడకు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది. బంతిని ఆమె పట్టుకోదు, రానిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టానికి తలుపు తీసినట్టు చేతులు కొద్దిగా వెనక్కి జరుగుతాయి.

పిచ్చుక అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి ఆమె కుడిపక్కకు వెళ్లి నిలబడింది.

"రావే, అర్ధమొగుడా," అంది వదిన బంతి మీద నుంచి చూపు తిప్పకుండా. "సర్దుకున్నావా?"

"ఆఁ. ఎన్నయ్యాయి?"

"పదహారు వందలు. ఇంకో నాలుగు వందలు పడితేగాని ఈ గ్లౌజులు నీ మాట వినవు. కొత్తకోడల్లా బిగుసుకుపోయి ఉన్నాయి."

"నీలాగానా?"

"నేనెప్పుడు బిగుసుకున్నానే? వచ్చిన మర్నాడే నీచేత ఈ గోడకు బంతులు వేయించాను. వేళ్లు వాచి నువ్వేడిస్తే, కోడలు ఆడపడుచును కొడుతోందని పక్కింటావిడ వచ్చి అడిగింది కూడా."

ఇద్దరూ నవ్వారు. ఆ రోజుకు పిచ్చుకకు పదమూడేళ్లు. గోడ దగ్గర్నుంచి బడి మైదానానికి, అక్కణ్నుంచి జిల్లా జట్టుకు, జోనుకు. అయిదుగురు అవుటయ్యాక బ్యాటింగుకు వెళ్లి నలభై ఎనిమిది బంతుల్లో డెబ్బై ఒకటి కొట్టిన సెమీఫైనల్. లెగ్‌స్పిన్నరు బౌలింగులో వికెట్లకు ఆనుకుని నిలబడి చేసిన మూడు స్టంపింగులు. ప్రతి చోటికీ వదిన ముందు వెళ్లి వచ్చిన దారే. గుంట ఎక్కడుందో, మలుపు ఎక్కడుందో ముందే చెప్పేది. చెప్పనిదల్లా ఒకటే. జట్టుకు కీపరు ఒక్కరే ఉంటారని.

"కళ్లు మూసుకో," అంది వదిన.

పిచ్చుక మూసుకుంది. వదిన బంతితో దేన్నో తట్టింది. టిక్.

"ఏంటిది?"

"ప్యాడ్ పట్టీ."

టిక్.

"బ్యాట్. అంచు... కింది అంచు."

"ఊఁ. అక్కడ గాలుంటుంది, జనముంటారు. ఎన్ని చప్పుళ్లున్నా ఈ ఒక్కటీ విడిగా వినిపించాలి. బంతిని చేతికంటే ముందు చెవి పట్టుకోవాలి పిచ్చుకా."

కళ్లు మూసుకునే ఉంది పిచ్చుక. ఆ చీకట్లో ధైర్యం కాస్త దగ్గరకొచ్చి నిలబడ్డట్టయింది.

"వదినా, నేనే చెప్పాను."

వదిన మళ్లీ విసిరిన బంతి గోడ దాకా వెళ్లలేదు. ఎక్కడో నేలమీద దొర్లి ఆగింది.

పిచ్చుక కళ్లు తెరవకుండానే అంతా చెప్పింది. హెల్మెట్లు, నడవ, పొగరన్న మాట, ఇంట్లో అందరూ కుడివైపు నుంచే పిలుస్తారన్న తన మాట. చెప్పేటప్పుడు ఎక్కడా తనను తాను వెనకేసుకు రాలేదు. చివరిమాట అయ్యాక చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది.

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్లారు.

"పొగరందా ఆవిడ?"

"అంది."

"అయితే నా పొగరును కాపాడబోయి నా చెవిని అప్పజెప్పి వచ్చావు." వదిన గొంతులో కోపం లేదు. నవ్వులాంటిది ఒకటి వచ్చి, సగంలో ఆగింది. "ఏడవకు. ముక్కు ఎర్రగా ఉంటే ఫోటోల్లో బాగోదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు..."

ఆమె గ్లౌజు పిచ్చుక భుజం మీద పడింది.

"ఉండు. ఏమన్నావ్? ఇంట్లో అందరూ అన్నావా?"

పిచ్చుక కళ్లు తెరిచింది. వదిన ముఖంలో తాను ఊహించుకున్నవేవీ లేవు. తెలియని ఊళ్లో బస్సు దిగిన మనిషి ముఖంలా ఉంది.

"అందరూ అంటే ఎవరు?"

"అంటే... మేమే. అమ్మ, అన్నయ్య, నేను..."

"మీకు తెలుసా? అందరికీ?"

*

వదిన గ్లౌజులు తీయకుండానే ముందుగదిలోకి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర ఆగింది. ఆ బల్ల గోడకు ఆనించి ఉంటుంది. ఆమె కుర్చీ ఆ చివరన. ఎడమవైపు గోడ, కుడివైపు మూడు కుర్చీలు.

"అత్తయ్యా, ఈ బల్ల మధ్యలో ఉండేది కదా! ఇక్కడికి ఎప్పుడు జరిపారు?"

"అదా? నడవడానికి అడ్డంగా ఉందని..." అంది అమ్మ. చేతిలో సూది ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"రెండేళ్లయిందేమో."

"నాకు ఇక్కడ బంతి తగిలినప్పుడా?" వదిన గ్లౌజు ఎడమ చెవి పైన ఆగింది. రెండేళ్ల కిందట బౌన్సరొకటి హెల్మెట్‌ను అక్కడే కొట్టింది. వారం తిరక్కుండా ఆమె మళ్లీ ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ సూదిని దారపుండకు గుచ్చేసింది.

వదిన భర్త వైపు తిరిగింది. "మంచం కూడా జరిపారు. ఫ్యాను గాలి తగలడం లేదన్నారు."

"తగిలేది కాదు," అన్నాడు అన్నయ్య నేల చూస్తూ. హారన్ ఏమైందో, మాట వినపడీ వినపడనట్టు వచ్చింది.

"రోడ్డు మీద ఎప్పుడూ నా కుడిపక్కనే నడుస్తారు. బళ్లు వచ్చే వైపైనా సరే. ముచ్చటనుకున్నాను."

కిటికీ ఎండ బల్ల మీదకు జరిగి, ఉత్తరం అంచును వెలిగించింది.

"నేను దాచాననుకున్నాను," అంది వదిన. మాటలు ఒక్కొక్కటిగా, ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు వచ్చాయి. "కాస్త మందంగా ఉంది, జలుబు చేసినప్పటిలా, అంతే అనుకున్నాను. ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదంటే అంత పెద్దదేం కాదనుకున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి మాటా సరిగ్గా వచ్చేది. రాదూ మరి! మీరు మోసుకొచ్చి కుడిచెవిలో పెడుతుంటే!"

"నీకు బాధ కలుగుతుందని..." అన్నాడు అన్నయ్య.

"ఆ బాధ నాది కదా! నాకివ్వాల్సింది."

"అమ్మాయ్," అంది అమ్మ, "కంటికి రెప్పలా చూసుకోవడం కూడా తప్పేనా?"

"రెప్పే అత్తయ్యా. మూసుకునే ఉంది, నాకేం కనబడలేదు. నన్ను పరీక్షకు కూర్చోబెట్టకుండానే రెండేళ్లు మార్కులు వేసుకుంటూ పోయారు మీరు." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. కొత్త గ్లౌజు ఇంకా సరిగ్గా వంగడం లేదు. "ఆ స్లిప్‌లో పిల్ల నన్ను పిలిచానని ఏడ్చి చెప్పింది. నేను నమ్మలేదు. తప్పు తనదై, నా మీదకు తోస్తోందనుకున్నాను. ఆరు వారాలు ఆ పిల్ల ముఖం చూడలేదు నేను. అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే..."

'వెళ్లి ఉంటే' తర్వాతి మాట ఎవరికీ తెలియదు. అది గదిలో అలాగే వేలాడింది.

పిచ్చుకకు అంతా కొద్దిగా దూరంగా, కలలో జరుగుతున్నట్టుంది. తాను చేసిన తప్పు కోచ్ మేడమ్‌తో చెప్పడమే అనుకుంది ఇంతదాకా. ఇంతకుముందు గదిలోకి వెళ్లినప్పుడు కూడా తన కాళ్లు వాటంతటవే కుడిపక్కకు తిరిగాయి. ఆ తప్పు ఎన్ని వందలసార్లు చేసిందో ఆమె దగ్గర లెక్కే లేదు.

"చెప్పి ఉండాల్సింది," అంది. "నీకే ముందు చెప్పి ఉండాల్సింది, వదినా."

వదిన ఆమెను నిదానంగా చూసింది. తర్వాత పళ్లతో పట్టీ లాగి, కుడిచేతి గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది. రెండోదీ తీసింది.

"అయితే ఇప్పుడు చూద్దాం."

"ఏం చూస్తావమ్మా?" అంది అమ్మ కంగారుగా.

"ఎంత పోయిందో." వదిన బల్ల చివరి నుంచి తన కుర్చీని గది మధ్యకు లాక్కుంది. రెండేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో ఆమెకు రెండు పక్కలా చోటు ఏర్పడింది. కూర్చుంది. "పిచ్చుకా, ఎడమపక్కకు రా. అంత దగ్గర కాదు, స్లిప్ నిలబడేంత దూరం. ఆఁ, అక్కడే. నేను కళ్లు మూసుకుంటాను. ఈ చెవి మూసుకుంటాను. నువ్వు పిలువు. మామూలుగా ఇంట్లో పిలిచినట్టు."

"ఇప్పుడెందుకు? వ్యాను వచ్చే టైమయింది," అన్నాడు అన్నయ్య.

"మీరు మాట్లాడకండి. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు."

ఆమె చూపుడువేలిని కుడిచెవిలో గట్టిగా పెట్టుకుని, పైనుంచి అరచేయి నొక్కి, కళ్లు మూసుకుంది. ఆ వేలు మధ్యలో ఎప్పుడో విరిగి, కొంచెం పక్కకు అతుక్కుంది. ముఖం ప్రశాంతంగా ఉంది. బౌలరు పరుగు మొదలుపెట్టాక ఉండేలాంటి ప్రశాంతత.

గుమ్మం బయట వ్యాను వచ్చి ఆగిన చప్పుడు. దాని తలుపు జరిగింది. వదిన రెప్ప కూడా కదల్లేదు.

పిచ్చుక ఊపిరి తీసుకుంది.

"వదినా," అంది.

మామూలుగా ఇంట్లో పిలిచినట్టే అంది. ఆ తర్వాత, తెలియకుండానే, గొంతెత్తి మళ్లీ పిలిచింది. "వదినా!"

కిటికీ అవతల బట్టలారేస్తున్న పక్కింటావిడ ఇటు తిరిగింది. వీధిలో వ్యాను డ్రైవరు తల బయటపెట్టి ఇంటివైపు చూశాడు. అన్నయ్య గోడవైపు తిరిగిపోయాడు.

వదిన అలాగే కూర్చుని ఉంది. పెదాల మీద చిన్న ఓపిక.

"ఊఁ, కానీ," అంది కొంచెంసేపాగి. "టైము మూడవుతోంది."

పిచ్చుక మూడోసారి నోరు తెరిచి, మూసేసింది. ఎండలో దుమ్ము మాత్రం తనకేం పట్టనట్టు తిరుగుతోంది.

వదిన చెవి మీద నుంచి చెయ్యి తీసింది. కళ్లు తెరిచింది. వాళ్ల ముఖాల మీదుగా చూపు ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వెళ్లింది.

"పిలిచిందా?"

అందరికంటే ముందు అమ్మ కదిలింది. బల్లచుట్టూ వచ్చి, కోడలికి కుడిపక్కన చేరి, భుజం మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా," అంది, ఎప్పటిలాగే మెత్తగా. "ఇంకా గొంతు సవరించుకుంటోంది."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. వదిన అత్తగారి చేతిని తన భుజం మీద నుంచి నెమ్మదిగా తీసి, వదలకుండా అలాగే పట్టుకుంది. చూపు మాత్రం పిచ్చుక మీద ఉంది.

"నేనడిగింది అత్తయ్యను కాదు," అంది. "నువ్వు చెప్పు. పిలిచావా?"